పట్టువిడుపుల రసాయనం

మందమర్రి బొగ్గుతో పెరిగిన పట్టణం. నేడు మంచిర్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది. గోదావరి, ప్రాణహిత నదుల లోయలో పరుచుకొన్న బొగ్గుపొరల మీద సింగరేణి సంస్థ తవ్విన గనులే దీనికి జీవనాధారమయ్యాయి. గనిని ఇక్కడి ప్రజలు 'బాయి' అంటారు. భూగర్భ గనిలోకి దిగే కార్మికుని తలమీద దీపం ఉంటుంది, కాళ్లకు బరువైన బూట్లు ఉంటాయి, నడుముకు ఒక చిన్న డబ్బా ఉంటుంది. దీపంతో ప్రతి నిమిషం పని ఉంటుంది. డబ్బాతో మాత్రం సంవత్సరాల తరబడి పని పడకపోవచ్చు. దాని మూత తీసే రోజు రాకూడదనే కార్మికుడూ, అతని ఇంటివారూ కోరుకొంటారు. అయినా ఆ డబ్బా లేకుండా లోపలికి దిగడం నిషిద్ధం. దాని పేరు సెల్ఫ్ రెస్క్యూయర్. అది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు నుంచి ప్రాణాన్ని కాపాడే సాధనం.

బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లమెల్లగా పీల్చుకొంటుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. పుట్టిన వేడి బయటకు పోయే దారి లేనప్పుడు, ముఖ్యంగా తవ్వి వదిలేసిన చోట్ల, బొగ్గు తనంతట తానే కాగి చివరకు రాజుకొంటుంది. సరిపడినంత గాలి అందక బొగ్గు అరకొరగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పీల్చిన మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా కాదు. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆపైన మగత, తరువాత స్పృహ తప్పడం. ప్రమాదాన్ని గుర్తించేసరికి పరుగెత్తే శక్తి కాళ్లలో మిగలదు.

బ్రిటన్ గనుల్లో జరిగిన పేలుళ్లను పరిశోధించిన జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1896లో ఒక నివేదిక సమర్పించాడు. పేలుడు తాకిడికీ మంటకూ చనిపోయినవారి కంటె, ఆ తరువాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయినవారే ఎక్కువని ఆయన తేల్చాడు. ఈ వాయువు ప్రభావం తెలుసుకోవడానికి ఆయన దానిని స్వయంగా పీల్చి చూశాడు. మనుషుల కంటె త్వరగా సొమ్మసిల్లే చిన్న ప్రాణులను గనిలోకి తీసుకుపోవాలని సూచించినవాడు కూడా ఆయనే. ఆ సూచన ఫలితంగా కానరీ పిట్టలు బ్రిటన్ గనుల్లో 1986 వరకు కాపలాదారులుగా పనిచేశాయి.

ఇంత చిన్న వాయు అణువుకు ఇంతటి హానిచేసే శక్తి ఎక్కడిది? దాని సమాధానం బొగ్గులో లేదు, మనిషి రక్తంలో ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన ఆలోచనే ఆధునిక రసాయనశాస్త్రంలోని ఒక ముఖ్యమైన శాఖకు దారి చూపుతుంది.

రక్తానికి ఎర్రదనమిచ్చేది హిమోగ్లోబిన్. దీనిలో నాలుగు ప్రోటీన్ గొలుసులు ఉంటాయి. ఒక్కొక్క గొలుసు ఒడిలో 'హీమ్' అనే చదునైన అణువు ఒదిగి ఉంటుంది. హీమ్ నడుమ ఒక ఇనుము అయాన్, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు, వాటిని కలుపుతూ పోర్ఫిరిన్ అనే కార్బన్ చట్రం. ఇనుముకు ఆరు దిక్కుల ఆరు చేతులున్నాయని ఊహిస్తే, నాలుగు చేతులు పోర్ఫిరిన్‌ను పట్టుకొన్నాయి. ఐదవ చేయి ప్రోటీన్‌ను పట్టుకొంది. ఆరవ చేయి ఖాళీ. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నప్పుడు ఆ చేయి ఆక్సిజన్‌ను అందుకొంటుంది. ఆక్సిజన్ కొరవడిన కండరాల వద్దకు చేరగానే దానిని వదిలిపెడుతుంది.

ఒకప్పుడు సింగరేణి గనుల్లో తట్టా చెమ్మసులతో బొగ్గును టబ్బులకు ఎత్తేవారు. నిండిన టబ్బు పైకి వచ్చి, బొగ్గును కుమ్మరించి, ఖాళీగా మళ్లీ లోపలికి పోయేది. నిండడం ఎంత అవసరమో ఖాళీ కావడమూ అంతే అవసరం. హిమోగ్లోబిన్ చేసే పని కూడా అదే. పట్టడమే తెలిసి విడవడం తెలియకపోతే అది ఆక్సిజన్‌ను మోసుకొని శరీరమంతా తిరుగుతుంది గాని ఎక్కడా అందించలేదు.

కార్బన్ మోనాక్సైడ్ ఈ ఏర్పాటునే దెబ్బతీస్తుంది. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సిజన్‌ను పట్టే బలం కంటె రెండువందల రెట్లకు పైగా అధికమైన బలంతో కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకొంటుంది. అందుచేత గాలిలో అది లేశమాత్రంగా ఉన్నా క్రమంగా రక్తంలోని స్థానాలను ఆక్రమిస్తుంది. నాలుగు స్థానాల్లో ఒకటి దాని వశమైతే, మిగిలిన మూడింటిలోని ఆక్సిజన్ కూడా మామూలు కంటె గట్టిగా బిగిసిపోయి కండరాలకు సులభంగా అందదు. భారతదేశపు బొగ్గుగనుల నియమావళి పనిచేసే చోట ఈ వాయువును పదిలక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లకు పరిమితం చేయడానికి కారణం ఇదే.

అయితే ఈ బిగువు కూడా శాశ్వతమైనది కాదు. విషవాయువు సోకిన వ్యక్తి మామూలు గాలి పీలిస్తే, రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ అందిస్తే ఆ వ్యవధి గంటా గంటన్నరకు తగ్గుతుంది. ఆక్సిజన్ అణువులు పెద్దసంఖ్యలో చుట్టుముట్టి, ఆక్రమణదారు చేయి జారిన ప్రతిసారీ ఆ స్థానాన్ని తాము అందుకొంటాయి. పట్టు ఎంత గట్టిదైనా, ఎక్కడో ఒక విడుపు ఉండడం వల్లనే వైద్యం సాధ్యమవుతున్నది.

లోహం చుట్టూ ఇతర అణువులు ఈ విధంగా అమరి ఏర్పడే పదార్థాలను సంక్లిష్ట సమ్మేళనాలు అంటారు. లోహాన్ని పట్టుకొనే అణువు లేదా అయాన్ పేరు లైగాండ్. తన వద్దనున్న ఎలక్ట్రాన్ జంటను లోహంతో పంచుకోవడం లైగాండ్ లక్షణం. ఈ సమ్మేళనాల నిర్మాణం చాలాకాలం రసాయనశాస్త్రజ్ఞులకు చిక్కుముడిగా ఉండేది. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ ఆ ముడి విప్పాడు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. లోహ అయాన్ తన చుట్టూ ఒక నిర్ణీత సంఖ్యలో లైగాండ్‌లను, అదీ నిర్ణీతమైన దిక్కుల్లోనే పట్టుకొంటుందని ఆయన ప్రతిపాదించాడు. ఆ సంఖ్యను సమన్వయ సంఖ్య అంటారు. కోబాల్ట్ చుట్టూ ఆరు లైగాండ్‌లు అష్టముఖి ఆకారంలో నిలుస్తాయి. పల్లాడియం చుట్టూ నాలుగు లైగాండ్‌లు చతురస్రంగా నిలుస్తాయి. ఏకసంయోజక రాగి చుట్టూ నాలుగు లైగాండ్‌లు చతుర్ముఖి మూలలవైపు తిరుగుతాయి. ఈ సిద్ధాంతానికి వెర్నర్ 1913లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

లోహానికి దిక్కులు తెలుసు అన్న ఈ ఒక్క సత్యంలో గొప్ప అవకాశం దాగి ఉంది. దిక్కులు తెలిసిన మూలలు, తగిన పొడవుగల కడ్డీలు ఉంటే వాటితో ఇల్లు కట్టవచ్చు. కాని అణువులు కంటికి కనిపించవు, చేతికి అందవు. కట్టేవారెవరు? తామే కట్టుకోవాలి. అణువులు బయటి చేతి సాయం లేకుండా తమంతట తాము ఒక క్రమంలో కూడి నిర్మాణంగా ఏర్పడడాన్ని స్వయంకూర్పు అంటారు. హిమోగ్లోబిన్‌లోని నాలుగు ప్రోటీన్ గొలుసులు ఒకదానినొకటి గుర్తించి జతకూడడం స్వయంకూర్పే. జీవకణం కోట్ల ఏళ్లుగా చేస్తున్న ఈ పనిని పరీక్షనాళికలో చేయించడానికి మానవుడు ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో పూనుకొన్నాడు.

1967లో అమెరికాకు చెందిన చార్లెస్ పెడర్సన్ కిరీటం వంటి వలయాకార అణువులను వెల్లడించాడు. తన నడిమి ఖాళీకి సరిపోయే లోహ అయాన్‌ను ఎన్నుకొని పట్టుకోవడం వాటి ప్రత్యేకత. ఫ్రాన్స్ దేశీయుడు జాన్ మరీ లెన్ ఆ మార్గాన్ని విస్తరించి, అణువుల నడుమ ఉండే బలహీనమైన బంధాలతో ఏర్పడే నిర్మాణాల అధ్యయనానికి 1978లో సుప్రామాలిక్యులర్ రసాయనం అని పేరుపెట్టాడు. అణువు లోపలి రసాయనాన్ని దాటి, అణువుల మధ్య సంబంధాలను పరిశీలించే శాస్త్రమని దాని భావం. పెడర్సన్, లెన్, డొనాల్డ్ క్రామ్ ముగ్గురూ 1987లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఆ సంవత్సరమే లెన్ బృందం ఒక విచిత్రమైన నిర్మాణాన్ని ప్రకటించింది. లోహాన్ని పట్టుకొనే స్థానాలు వరుసగా ఉన్న పొడవాటి అణువులను రాగి అయాన్‌లతో కలిపినప్పుడు, రెండేసి పోగులు రాగి చుట్టూ మెలిదిరిగి జంట సర్పిలంగా ఏర్పడ్డాయి. 1993లో ఆ బృందమే మరొక అడుగు ముందుకు వేసింది. పొట్టి పోగులు, పొడవాటి పోగులు కలగలిపి ఒకే పాత్రలో పోసి రాగిని చేర్చింది. సమాన పొడవుగల పోగులే ఒకదానితోనొకటి జతకట్టాయి. పొట్టిదానితో పొడవైనది కలిస్తే కొన్ని స్థానాలు లోహం లేక వృథాగా మిగిలిపోతాయి. కాబట్టి అటువంటి జతలు నిలవలేదు. ఏరిపెట్టే మనిషి లేకుండానే అణువులు తమ జోడును తామే ఎంచుకొన్నాయి.

ఈ ప్రక్రియను సులభంగా గ్రహించడానికి జపాన్ శాస్త్రజ్ఞుడు మకొటో ఫుజిత 1990లో ప్రకటించిన పరమాణు చతురస్రం మంచి ఉదాహరణ. నులకమంచం చేసే వడ్రంగికి నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు కావాలి. ప్రతి కోడుకు లంబకోణంలో రెండు రంధ్రాలు ఉంటాయి. ఫుజిత తీసుకొన్న పల్లాడియం అయాన్ అటువంటి కోడే. దానికున్న నాలుగు స్థానాల్లో పక్కపక్కనున్న రెండింటిని ఒక చిన్న లైగాండ్ ముందే మూసివేసింది. మిగిలిన రెండూ లంబకోణంలో తెరిచి ఉన్నాయి. రెండు కొనల్లోనూ నత్రజని పరమాణువులున్న బైపిరిడీన్ అనే నిటారు అణువు పట్టె వంటిది. కోళ్లనూ పట్టెలనూ గోనెసంచిలో వేసి ఎంత కుదిపినా మంచం తయారుకాదు. కాని పల్లాడియం లవణాన్నీ, బైపిరిడీన్‌నూ నీటిలో కలిపితే, సాధారణ ఉష్ణోగ్రత వద్దనే నాలుగు మూలలు, నాలుగు భుజాలు గల చతురస్రాలు తయారయ్యాయి.

పట్టెలు, కోళ్లు ఒక పొడవైన వంకర గొలుసుగా ఎందుకు అతుక్కోలేదు అన్నది ఇక్కడ రావలసిన ప్రశ్న. నిజానికి మొదట అటువంటి తప్పుడు అతుకులు కూడా పడతాయి. అయితే పల్లాడియానికీ నత్రజనికీ నడుమ ఉండే బంధం ఏర్పడడమే కాక విడిపోవడం కూడా సులభం. గొలుసు కొనల్లో పట్టు దొరకని చేతులు మిగిలి ఉంటాయి. చతురస్రంలో ప్రతి చేతికీ పట్టు దొరుకుతుంది. అంతేకాక, ఉన్న ముక్కలతో కొన్ని పెద్ద గొలుసులు ఏర్పడడం కంటె అనేక చిన్న చతురస్రాలు ఏర్పడడమే ప్రకృతికి అనుకూలం. కాబట్టి తప్పుగా పడిన అతుకు ఊడుతుంది, మళ్లీ పడుతుంది. ఊడుతూ పడుతూ ఉండగా చివరకు అన్నిటికంటె స్థిరమైన రూపమే మిగులుతుంది. తప్పును దిద్దుకొనే శక్తి విడిపోగల గుణం నుంచే వచ్చింది.

ఈ మాట ఊహ కాదని నిరూపించే ప్రయోగం కూడా జరిగింది. పల్లాడియానికి బదులు, దానివలెనే దిక్కులు గల ప్లాటినం తీసుకొన్నప్పుడు మొదట వచ్చింది చతురస్రం కాదు, రకరకాల ముక్కల గందరగోళం. ప్లాటినం బంధం గట్టిది, అంత త్వరగా విడిపోదు. ఆ ద్రావణాన్ని వారాల తరబడి వేడిచేసిన తరువాతనే బంధాలు సడలి, తప్పులు సవరించుకొని చతురస్రాలు ఏర్పడ్డాయి. గట్టి పట్టు మంచి కట్టడానికి హామీ కాదని ప్లాటినం నేర్పిన పాఠం.

మూలలనూ కడ్డీలనూ మూడు దిక్కుల్లోనూ విస్తరింపజేస్తే అంతులేని గదుల సముదాయం వంటి స్ఫటికం వస్తుంది. వీటికి లోహ కర్బన చట్రాలని పేరు. వాటి ఖాళీ గదుల్లో వాయువులను నింపవచ్చు, అవసరమైనప్పుడు బయటకు తీయవచ్చు. రిచర్డ్ రాబ్సన్ 1989లో ఈ దారి చూపాడు. సుసుము కితగావా 1997లో అటువంటి చట్రం మీథేన్, నత్రజని, ఆక్సిజన్ వాయువులను పీల్చి వదలగలదని నిరూపించాడు. ఒమర్ యాగీ 1999లో అత్యంత దృఢమైన, విశాలమైన చట్రాన్ని నిర్మించాడు. ఈ ముగ్గురికీ 2025 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తెలుగునేల మీద కూడా ఈ శాస్త్రానికి గట్టి పునాదులు పడ్డాయి. గౌతమ్ ఆర్. దేశిరాజు 1979 నుంచి 2009 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. అణువులు స్ఫటికంలో ఏ విధంగా జతకూడుతాయో ముందుగానే ఊహించి, కావలసిన స్ఫటికాన్ని రూపొందించే విద్యకు స్ఫటిక ఇంజనీరింగ్ అని పేరు. దానిపై ఆయన 1989లో వెలువరించిన గ్రంథం ఆ రంగంలో ప్రామాణికమైంది. ఆయన ప్రధానంగా పరిశీలించినవి లోహ బంధాలు కాక హైడ్రోజన్ బంధాలు. అయినా బలహీనమైన బంధాలే బలమైన క్రమాన్ని నిలబెడతాయన్న సూత్రం రెండుచోట్లా ఒకటే. ఆ విశ్వవిద్యాలయంలోనే భాస్కర్ జి. మైయా బృందం పోర్ఫిరిన్ అణువులను లోహం ఆధారంగా ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి నడుమ కాంతిశక్తీ ఎలక్ట్రాన్లూ ఎలా ప్రయాణిస్తాయో పరిశోధించింది. రక్తంలోని హీమ్‌కు ఆధారమైన చట్రమే ఈ ప్రయోగాల్లో విద్యుత్తుకు బాటగా మారింది.

అణువు గుండా ఎలక్ట్రాన్‌ను నడిపించడమే అణు ఎలక్ట్రానిక్స్ అనే రంగానికి మూలం. 1974లో అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రజ్ఞులు ఒకే ఒక అణువు విద్యుత్తును ఒకవైపే పంపే కవాటంగా పనిచేయగలదని సిద్ధాంతరీత్యా చూపారు. 2002లో అమెరికా పరిశోధకులు రెండు లోహపు కొనల నడుమ కోబాల్ట్ సంక్లిష్ట అణువు ఒక్కదానిని నిలిపి, దాని ద్వారా ఎలక్ట్రాన్ల రాకపోకలను నియంత్రించారు. ఆ అణువు రెండు చివరలా గంధకం పరమాణువులు ఉన్నాయి. గంధకం బంగారాన్ని తనంతట తానే అంటుకొంటుంది. అంటే అణువును తీగకు అతికించే పనిని కూడా స్వయంకూర్పుకే అప్పగించారన్నమాట.

అయినా ఒంటరి అణువులతో చేసిన యంత్రాలు సిలికాన్ చిప్పుల స్థానాన్ని ఆక్రమించలేదు. ఒక అణువును నిలపడం వేరు, కోట్ల అణువులను ఒకే విధంగా నిలపడం వేరు. ఒక్కొక్క అణువు లోహపు కొనను ఒక్కొక్క తీరుగా తాకితే ఫలితమూ ఒక్కొక్క తీరుగా వస్తుంది. ఇక్కడ మరొక చిక్కు కూడా ఉంది. కట్టే సమయంలో బంధం విడిపోగలగాలి, లేకపోతే తప్పు దిద్దుకోదు. పనిచేసే సమయంలో మాత్రం నిలకడగా ఉండాలి, లేకపోతే యంత్రం చెడిపోతుంది. ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు విడవాలి అన్న తూకాన్ని సాధించడమే ఈ రంగంలోని అసలు పరీక్ష.

ఒంటరి అణువుల మాట ఎలా ఉన్నా, పలుచని పొరలుగా పరచిన లోహ సంక్లిష్టాలు ఇప్పటికే నిత్యజీవితంలోకి వచ్చాయి. వాటి కథలో బొగ్గుకు కూడా భాగముంది. బొగ్గును గాలి తగలకుండా వేడిచేస్తే తారు వస్తుంది. తారు నుంచి నాఫ్తలీన్, నాఫ్తలీన్ నుంచి థాలిక్ అన్‌హైడ్రైడ్ తయారవుతాయి. 1928లో స్కాట్లండ్‌లోని ఒక రంగుల కర్మాగారంలో ఈ పదార్థంపై పనిచేస్తుండగా, పాత్ర లోపలి పూత పగిలి బయటి ఇనుము తగిలింది. పాత్రలో అనుకోని ముదురు నీలిరంగు కనిపించింది. దానిని మలినమని పారబోయక పరిశీలించడం వల్ల థాలోసయనీన్ అనే సంక్లిష్ట వర్గం లోకానికి తెలిసింది. దాని చట్రం పోర్ఫిరిన్‌కు దగ్గరి చుట్టం. నడుమ ఇనుముకు మారుగా రాగిని నిలిపితే వచ్చే నీలిరంగు ముద్రణశాలల్లో సర్వసాధారణం. ఈ చదునైన అణువులు నాణేల దొంతరలవలె తమంతట తామే పేరుకొంటాయి. ఆ దొంతరల వెంట విద్యుత్తు కొంతవరకు ప్రవహించగలదు. 1986లో చింగ్ టాంగ్ రాగి థాలోసయనీన్‌ను ఒక పొరగా వాడి సౌరఘటాన్ని నిర్మించాడు. మరుసటి సంవత్సరం ఆయన, వాన్ స్లైక్ కలిసి అల్యూమినియం సంక్లిష్టం నుంచి ఆకుపచ్చని వెలుగు రప్పించారు. నేటి సెల్‌ఫోన్ల, టెలివిజన్ల ఓఎల్ఈడీ తెరలకు మార్గం వేసిన ప్రయోగం అదే.

హైదరాబాదులో 1944లో నిజాం ప్రభుత్వ కాలంలో మొదలై, తరువాత ప్రాంతీయ పరిశోధనాశాలగా మారి, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ప్రసిద్ధమైన పరిశోధనాలయంలో ఈ రెండు దారులూ కలిశాయి. తొలి దశాబ్దాల్లో అక్కడి శాస్త్రజ్ఞులు బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత వద్ద కార్బనీకరించి పొగరాని ఇంధనాన్నీ తారునూ తీసే పద్ధతులను రూపొందించారు. ఇటీవలి దశాబ్దాల్లో అదే సంస్థలో, మైయా శిష్యుడైన ఎల్. గిరిబాబు వంటి పరిశోధకులు పోర్ఫిరిన్, థాలోసయనీన్, రుథేనియం సంక్లిష్టాలను సూర్యకాంతిని గ్రహించే రంగులుగా మలిచారు. 1991లో ఒరీగన్, గ్రాట్సెల్ ప్రకటించిన రంగుపూత సౌరఘటాలు వీటికి ఆధారం. వాటిలో రంగు అణువులు టైటానియం డైఆక్సైడ్ పొరమీద తమంతట తామే ఒక వరుసగా అతుక్కొంటాయి. బొగ్గు రసాయనంతో ప్రారంభమైన ప్రయాణం బొగ్గు అవసరంలేని విద్యుత్తు వైపు సాగింది.

బొగ్గులోనే ఈ చట్రం జాడ ఉండడం మరొక విశేషం. 1934లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ శిలల్లో, ముడిచమురులో, బొగ్గులో పోర్ఫిరిన్లను గుర్తించాడు. ఆకులకు పచ్చదనమిచ్చే క్లోరోఫిల్ కూడా ఈ కుటుంబానిదే. దాని నడుమ మెగ్నీషియం ఉంటుంది. ఆకు రాలి, భూమిలో కూరుకుపోయి, కోట్ల సంవత్సరాలు గడిచినా ఆ చట్రం పూర్తిగా చెదరలేదు. మెగ్నీషియం తొలగిపోయింది, దాని స్థానంలో వేరొక లోహం వచ్చి చేరింది. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగపు అడవుల అవశేషం. ఆనాటి ఆకుకు పచ్చదనమిచ్చిన చట్రానికీ, ఈనాడు ఆ బొగ్గును తవ్వే మనిషి రక్తానికి ఎర్రదనమిస్తున్న చట్రానికీ దగ్గరి బంధుత్వం ఉంది.

ఇక మళ్లీ కార్మికుని నడుము మీది డబ్బా వద్దకు రావాలి. ఒక రకం సెల్ఫ్ రెస్క్యూయర్‌లో హాప్‌కలైట్ అనే పదార్థం ఉంటుంది. అది మాంగనీస్ డైఆక్సైడ్, రాగి ఆక్సైడ్‌ల మిశ్రమం. పీల్చే గాలి దానిగుండా పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి అంతగా హానిచేయని కార్బన్ డైఆక్సైడ్‌గా మారుతుంది. గాలిలో ఆక్సిజనే కరవైతే ఇది చాలదు. అటువంటి చోట తానే ఆక్సిజన్ పుట్టించే మరొక రకం డబ్బా అవసరం. ఏదైనా అది బయటపడేంతవరకు ఊపిరి నిలిపేందుకే. అంతకంటె మేలైనది ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టడం. ఒకప్పుడు పిట్ట చేసిన ఆ పనిని నేడు ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నాయి.

ఆ దిశలో సంక్లిష్ట సమ్మేళనాలు కూడా కొత్త ఆశను చూపుతున్నాయి. 2011లో స్పెయిన్‌లోని వలెన్సియా శాస్త్రజ్ఞులు రెండేసి రోడియం పరమాణువులున్న సంక్లిష్టాలను ప్రకటించారు. కార్బన్ మోనాక్సైడ్ తగలగానే రోడియం వద్దనున్న స్థానంలో అది చేరుతుంది. వెంటనే పదార్థపు రంగు కంటికి తెలిసేంతగా మారుతుంది. గాలి మళ్లీ శుభ్రపడితే ఆ వాయువు విడిపోయి మునుపటి రంగు తిరిగివస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేసే చర్యనే ఇక్కడ బయట చేయించి, దానిని హెచ్చరికగా మార్చారు. అది పట్టుకొంటుంది కాబట్టి ప్రమాదం తెలుస్తుంది. విడిచిపెడుతుంది కాబట్టి మరునాడు కూడా కాపలా కాయగలుగుతుంది.

హిమోగ్లోబిన్‌లోని ఇనుము, ఫుజిత చతురస్రంలోని పల్లాడియం, హెచ్చరించే రోడియం, ఇవన్నీ చెప్పే సత్యం ఒకటే. ప్రాణమైనా, నిర్మాణమైనా కేవలం బిగువు మీద నిలబడదు. తగిన సమయంలో పట్టుకోవడం, తగిన సమయంలో విడవడం, పొరపాటును దిద్దుకొని తిరిగి పట్టుకోవడం అనే క్రమం మీద నిలబడుతుంది. మందమర్రి బాయిలోకి దిగిన ప్రతి మనిషీ క్షేమంగా ఇంటికి చేరడం ఆ క్రమం తప్పకుండా ఉండడం మీదనే ఆధారపడి ఉంది. అతని రక్తంలో అది క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది. దానిని అర్థం చేసుకొని కాపాడడం, మానవుని మేలుకు మలచుకోవడం రసాయనశాస్త్రం నెత్తికెత్తుకొన్న బాధ్యత.